ఆ ఫోల్డర్ ఖాళీ కాదు!

2018 అక్టోబర్ 2, మంగళవారం. మనకు గాంధీ జయంతి సెలవు. న్యూయార్క్‌లో మాత్రం మైక్రోసాఫ్ట్ వేదిక వెలిగిపోతోంది. సర్ఫేస్ ప్రో 6, సర్ఫేస్ ల్యాప్‌టాప్ 2, సర్ఫేస్ స్టూడియో 2, వాటికి తోడు హెడ్‌ఫోన్లు... ఒక్కొక్కటే తెర మీదికి వస్తున్నాయి. ఆ హడావుడిలోనే ఇంకో కబురు కూడా చెప్పేశారు. విండోస్ 10కి అప్పట్లో ఏడాదికి రెండుసార్లు వచ్చే పెద్ద అప్‌డేట్ ఆ రోజు నుంచే దొరుకుతుంది. దాని పేరు ‘అక్టోబర్ 2018 అప్‌డేట్’. కంప్యూటర్లవాళ్ల వాడుకలో 1809.

ఆత్రం ఉన్నవాళ్లు సెట్టింగ్స్‌లోకి వెళ్లి ‘చెక్ ఫర్ అప్‌డేట్స్’ నొక్కితే చాలు, వెంటనే దిగుతుంది. ఆగగలిగిన వాళ్లకు 9వ తేదీ నుంచి దానంతటదే రావడం మొదలవుతుంది. ఇదీ ఏర్పాటు.

అప్పటికి విండోస్ 10 నడుస్తున్న కంప్యూటర్లు దాదాపు 70 కోట్లు. వాటిలో అత్యధిక భాగం గండం గట్టెక్కింది ఈ వారం రోజుల గడువు పుణ్యాన్నే.

* * *

కథలోకి వెళ్లే ముందు ఓ మాట. ఇందులో ఒక మనిషి వస్తాడు. అతనికి పేరు పెట్టడం లేదు, ఊరు చెప్పడం లేదు. అలాంటివాళ్లు ఆ వారంలో ఎందరో ఉన్నారు. ఒకరి గోడు ఇంకొకరి పేరు మీద రాయడం సబబు కాదు. అతని గది, అతని తొందర, అతని మాటలు నా ఊహ. అతని కంప్యూటర్‌లో జరిగింది మాత్రం తర్వాత కంపెనీ స్వయంగా ఒప్పుకున్నదే.

అతని కంప్యూటర్‌లో రెండు డిస్కులు. విండోస్ ఉన్న సి డ్రైవ్ 120 జీబీ ఎస్ఎస్‌డీ. వేగం ఎక్కువ, ధర ఎక్కువ, అందుకే చిన్నది కొన్నాడు. డబ్బా మీద 120 అని ఉన్నా విండోస్‌లో 111 అనే కనపడుతుంది. తయారుచేసినవాడు వెయ్యితో లెక్కేస్తే విండోస్ 1024తో లెక్కేస్తుంది మరి. రెండోది డి డ్రైవ్, 1 టీబీ మామూలు హార్డ్ డిస్క్. నెమ్మదిగా తిరుగుతుంది కానీ కడుపు పెద్దది.

రెండేళ్లు గడిచేసరికి సి డ్రైవ్ కింద ఉండే నీలం గీత ఎర్రబడింది. ఖాళీ పది శాతం కంటే తగ్గితే విండోస్ అలా ఎరుపు చూపిస్తుంది. టెంపరరీ ఫైళ్లు తీసేశాడు. రీసైకిల్ బిన్ ఖాళీ చేశాడు. రెండు రోజులు నీలం, మళ్లీ ఎరుపు. చివరికి అందరూ చెప్పే చిట్కాకే వచ్చాడు. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ను డి డ్రైవ్‌కు మార్చేయడం.

ఇది దొంగదారేం కాదు. విండోస్ తనంతట తానే ఇచ్చిన సౌకర్యం. డాక్యుమెంట్స్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్తే ‘లొకేషన్’ అని ఒక ట్యాబ్ ఉంటుంది. అందులో ‘మూవ్’ నొక్కి డి డ్రైవ్‌లో ఓ ఫోల్డర్ చూపించి ఓకే అంటే, ఇకమీదట డాక్యుమెంట్స్ అంటే డి లోనిదే. వర్డ్‌లో సేవ్ కొట్టినా, స్కానర్ నుంచి దింపినా అక్కడికే చేరుతుంది. పిక్చర్స్, వీడియోస్, డెస్క్‌టాప్... అన్నిటికీ ఇదే పద్ధతి. ఇలాంటి ఫోల్డర్లను మైక్రోసాఫ్ట్ ‘నోన్ ఫోల్డర్స్’ అంటుంది. చోటు మారినా విండోస్ పేరుపెట్టి గుర్తుపట్టే ఫోల్డర్లన్నమాట.

ఓకే నొక్కగానే ఓ చిన్న పెట్టె తెరుచుకుంది. పాతచోట ఉన్న ఫైళ్లన్నీ కొత్తచోటికి తరలించమంటారా అని అడిగింది. కింద మూడు బటన్లు. ఎస్, నో, క్యాన్సిల్.

సి లో ఉన్న పాత ఫైళ్లు నలభై జీబీకి పైనే. ఎస్ నొక్కితే అవన్నీ కదిలేదాకా కూర్చోవాలి. అరగంటలో ఓ ఫైలు పంపాల్సి ఉంది. “పాతవి ఎక్కడికి పోతాయిలే, కొత్తవి అక్కడ పడితే చాలు” అనుకున్నాడు. నో నొక్కాడు.

ఇక్కడ అతను చేసిన తప్పేమిటని ఎంత వెతికినా నాకు దొరకలేదు. అడిగింది విండోస్. ఆ బటన్ పెట్టింది విండోస్. నో అంటే పాతవి ఉన్నచోటే భద్రంగా ఉంటాయనుకోవడం ఎవరికైనా సహజమే. అప్పటినుంచి అతనికి రెండు డాక్యుమెంట్స్ ఫోల్డర్లు. పక్కపట్టీలో కనపడేది డి లోది. సి డ్రైవ్‌లో యూజర్స్, అందులో తన పేరు, ఆ లోపల నిశ్శబ్దంగా ఉండిపోయింది పాతది. రెండింటి పేరూ ఒకటే. అవసరమైనప్పుడల్లా పాతదాంట్లోకి వెళ్లి ఓ ఫైలు తెచ్చుకునేవాడు. సి కొత్తగా నిండటం ఆగింది. అతనికి కావాల్సిందీ అంతే.

ఈ డి డ్రైవ్ చిట్కా మనకు కొత్తేమీ కాదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో కంప్యూటర్ అసెంబుల్ చేయించుకున్న ఎవరినైనా అడగండి. హార్డ్ డిస్కును మూడు ముక్కలు చేసి, బిల్లు చేతిలో పెడుతూ కుర్రాడు చెప్పే మాట ఒకటుంటుంది. “సార్, సి లో ఏం పెట్టకండి. రేపు విండోస్ కరప్ట్ అయితే ఫార్మాట్ కొట్టాలె. ఫొటోలు, ఫైళ్లు అన్నీ డి లో ఏస్కోండి.” మంచి సలహానే. కాకపోతే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మూడూ పుట్టుకతో సి లోనే ఉంటాయని చెప్పేవాళ్లు తక్కువ.

* * *

మళ్లీ 2018కి. ఏప్రిల్ నెలాఖరులో వచ్చిన అప్‌డేట్ తర్వాత, ఇలా ఫోల్డర్లు మార్చుకున్నవాళ్లకు ఓ చిరాకు మొదలైంది. డి కి తరలించేసిన డాక్యుమెంట్స్, పిక్చర్స్ పేర్లతోనే సి లో మళ్లీ కొత్త ఫోల్డర్లు మొలిచాయి. తెరిస్తే లోపల ఏమీ ఉండదు. ఇవేమిటని జనం ఫిర్యాదు చేశారు. న్యాయమైన ఫిర్యాదే.

మైక్రోసాఫ్ట్ ఇంజినీర్లు విన్నారు. అక్టోబర్ అప్‌డేట్‌లో దానికి మందు వేశారు. అప్‌గ్రేడ్ జరిగేటప్పుడే ఈ అదనపు ఖాళీ ఫోల్డర్లను తొలగించే కోడ్ రాశారు. అంటే ఇది వినియోగదారుల మేలు కోరి చేసిన శుభ్రత. దానికి తోడు అప్‌గ్రేడ్ పనులు ఏ వరసలో జరగాలన్నదాంట్లో ఇంకేదో మార్పు చేశారు. విడివిడిగా చూస్తే రెండూ మామూలు మార్పులే. రెండూ కలిసేసరికి, డాక్యుమెంట్స్ చోటు మారిన కంప్యూటర్లలో పాత ఫోల్డర్ మొత్తం, లోపలున్న ఫైళ్లతో సహా చెరిగిపోయింది.

ఖాళీవి తీసేయమని పురమాయిస్తే నిండుగా ఉన్నవి తీసేసింది.

* * *

అతను ఆత్రం ఉన్నవాళ్ల జాబితాలోని మనిషి. 3వ తేదీ రాత్రి భోజనం చేసి వచ్చి కూర్చున్నాడు. పెద్ద అప్‌డేట్‌కు చోటు కావాలని తెలుసు. పాత విండోస్‌ను పక్కన దాచుకుని కొత్తది పరుచుకోవాలంటే, కొంతసేపు రెండూ ఆ చిన్న సి డ్రైవ్‌లోనే సర్దుకోవాలి మరి. ముందు డిస్క్ క్లీనప్ తెరిచాడు. టెంపరరీ ఫైళ్లకు టిక్, థంబ్‌నెయిళ్లకు టిక్, రీసైకిల్ బిన్‌కు టిక్. గీత నీలంలోకి వచ్చింది. అప్పుడు ‘చెక్ ఫర్ అప్‌డేట్స్’ నొక్కాడు.

ఆ తర్వాత మనిషి చేసేదేమీ ఉండదు. నీలం తెర, తిరిగే చుక్కలు, పెరిగే శాతం. కంప్యూటర్ ఆపొద్దని కింద ఓ వరస. రెండు మూడుసార్లు ఆరి వెలిగింది. అతను టీవీ చూస్తున్నాడో, నిద్రే పోయాడో. ఆ చెరిపివేత జరిగింది ఈ శాతాల మధ్యలోనే. పెట్టె తెరుచుకోలేదు. ఎస్, నో అని అడగలేదు.

పొద్దున లేచి చూస్తే కొత్త విండోస్. అన్నీ బాగానే ఉన్నాయి. డి లోని డాక్యుమెంట్స్ ఎక్కడిదక్కడ ఉంది. పదింటికి ఎవరో పాత ఒప్పందం కాపీ అడిగారు. సి డ్రైవ్, యూజర్స్, తన పేరు... అక్కడ డాక్యుమెంట్స్ లేదు.

తప్పు ఫోల్డర్‌లోకి వెళ్లానేమో అనుకుని మళ్లీ మొదటినుంచి వచ్చాడు. లేదు. రీసైకిల్ బిన్ తెరిచాడు. నిన్న రాత్రి తనే ఖాళీ చేశాడు కదా! చేయకపోయినా ఒకటే. మనం డిలీట్ నొక్కినవి బిన్‌లోకి వెళ్తాయి గానీ, సెటప్ ప్రోగ్రాం చెరిపినవి వెళ్లవు. సెర్చ్‌లో ఫైలు పేరు కొట్టాడు. లేదు. కొత్త విండోస్ నచ్చకపోతే పది రోజుల్లోగా పాతదానికి వెనక్కి వెళ్లే వీలుంది. వెళ్లాడు. పాత విండోస్ తిరిగి వచ్చింది. ఫైళ్లు రాలేదు.

* * *

బుధ, గురువారాల్లో ఇలాంటి గోడు ఒక్కొక్కటే బయటపడసాగింది. ఒకరు తన 23 ఏళ్ల ఫైళ్లు, 220 జీబీ, మొత్తం పోయాయని వాపోయారు. ఇంకొకరివి పిల్లల ఫొటోలు. మొదట కొందరు నమ్మలేదు. ఏదో తప్పు నొక్కి ఉంటారని తీసిపారేశారు. కంప్యూటర్లో ఏది పోయినా ముందు వాడినవాణ్నే అనుమానించడం మన లోకంలో పాత అలవాటే.

శనివారం, అక్టోబర్ 6 నాటికి మైక్రోసాఫ్ట్ అప్‌డేట్‌ను ఆపేసింది. అప్పటికే ఇన్‌స్టాలేషన్ ఫైళ్లు విడిగా దింపుకున్నవాళ్లుంటే దయచేసి వాడొద్దని ప్రకటించింది. విడుదలకు ముందే విండోస్‌ను పరీక్షించే ‘ఇన్‌సైడర్’ కార్యక్రమానికి అప్పట్లో అధిపతి అయిన డోనా సర్కార్ స్వయంగా, ఫైళ్లు పోయినవాళ్లు సపోర్ట్‌కు ఫోన్ చేయండని కోరారు. కంపెనీ ఇంకో ముఖ్యమైన సలహా కూడా ఇచ్చింది. ఆ కంప్యూటర్‌ను వీలైనంత తక్కువ వాడండి!

ఈ సలహా దగ్గర కాస్త ఆగాలి. పోయిన ఫైళ్లకీ, కంప్యూటర్ వాడకానికీ సంబంధమేమిటి?

విండోస్ డిస్కులో ప్రతి ఫైలుకూ ఒక నమోదు ఉంటుంది. మాస్టర్ ఫైల్ టేబుల్ అంటారు. ఏ ఫైలు పేరేమిటి, డిస్కులో ఎక్కడెక్కడ ఉంది అన్నది అందులో రాసి ఉంటుంది. ఫైలు చెరిపితే అసలు సమాచారం జోలికి విండోస్ వెళ్లదు. నమోదులో ‘ఇది వాడుకలో లేదు’ అని గుర్తు పెట్టి ఊరుకుంటుంది. రైల్లో రిజర్వేషన్ చార్టులో పేరు కొట్టేసినట్టు. బెర్తు మీద మనిషి ఇంకా పడుకునే ఉంటాడు. ఆ బెర్తు ఇంకొకరికి కేటాయించి, వాళ్లొచ్చి లేపేదాకా అతనికేం కాదు. అందుకే వెంటనే రికవరీ ప్రోగ్రాం నడిపితే హార్డ్ డిస్కులో చాలాసార్లు ఫైళ్లు దొరుకుతాయి. కానీ కంప్యూటర్ ఊరికే ఆన్‌లో ఉన్నా ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. బ్రౌజర్ తెరిస్తే పదుల కొద్దీ చిన్న ఫైళ్లు పుడతాయి. వెనక్కి పాత విండోస్‌కు వెళ్లడమంటే జీబీలకొద్దీ రాత. పాపం, అతను కంగారులో చేసింది అదే.

ఎస్ఎస్‌డీ అయితే ఇంకా కష్టం. అందులో ‘ట్రిమ్’ అనే ఆదేశం ఉంది. ఫైలు చెరపగానే, ఆ చోటు ఇక అక్కర్లేదని విండోస్ డిస్కుకు కబురు పంపుతుంది. ఎస్ఎస్‌డీలో కొత్తది రాయాలంటే ముందు ఆ గడిని తుడవాలి కాబట్టి, తీరిక దొరికినప్పుడు అదే తుడిచేసుకుంటుంది. వేగం కోసం పెట్టిన ఏర్పాటు ఇది. ఒకసారి తుడిచాక ఏ నిపుణుడు వచ్చినా చేయగలిగింది దాదాపు శూన్యం. పోయిన ఫోల్డర్లు ఉన్నది సి లో. కొత్త కంప్యూటర్లలో సి అంటే ఎక్కువగా ఎస్ఎస్‌డీయే. సి చిన్నదని డి కి మారినవాళ్లకు ఈ దెబ్బ తగిలింది. సి చిన్నది కావడానికి కారణం చాలాసార్లు అది ఎస్ఎస్‌డీ కావడం. దెబ్బ తగిలినవాళ్లకే మందు తక్కువ పనిచేసే పరిస్థితి!

* * *

అక్టోబర్ 9న మైక్రోసాఫ్ట్ నుంచి వివరణ వచ్చింది. రాసింది విండోస్ సర్వీసింగ్ విభాగంలో డైరెక్టరైన జాన్ కేబుల్. ఫైళ్లు పోయే మార్గాలు మూడని చెప్పారు. ఫోల్డర్‌ను వేరే డ్రైవ్‌కు మార్చినా పాతచోట ఫైళ్లు మిగిలిపోవడం ఒకటి, మన మనిషి కథ. మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ అయిన వన్‌డ్రైవ్‌లోకి ఫోల్డర్ మార్చేటప్పుడు పాత ఫైళ్లను తరలించకపోవడం రెండోది. వన్‌డ్రైవ్ పాత వెర్షన్‌లో ఆటోసేవ్ ఆన్ చేసినవాళ్లది మూడోది. అది డాక్యుమెంట్స్ చోటు మార్చేది గానీ పాత ఫైళ్లను వెంట తీసుకెళ్లేది కాదు. ఈ మూడోవాళ్లకు తమ ఫోల్డర్ చోటు మారిందన్న సంగతి కూడా తెలిసి ఉండకపోవచ్చు.

ఫైళ్లు పోయాయని ఫిర్యాదు వచ్చింది మొత్తం ఇన్‌స్టాలేషన్లలో ఒక శాతంలో నూరోవంతు అని ఆ వివరణలోనే ఉంది. లక్షకు పది. వినడానికి చిన్న సంఖ్య. అయితే ఇది ఫిర్యాదు చేసినవాళ్ల లెక్క. పాత ఫోల్డర్ ఏడాదికోసారి తెరిచేవాళ్లకు పోయిన సంగతి తెలియడానికే ఏడాది పడుతుంది. పైగా 70 కోట్ల కంప్యూటర్లకూ అదే నిష్పత్తిలో చేరి ఉంటే లెక్క 70 వేలకు వెళ్లేది. వారం గడువు పుణ్యాన గండం గట్టెక్కిందన్నది ఇందుకే. ఫైళ్లు తిరిగి తెస్తామని గ్యారంటీ మాత్రం ఇవ్వలేమని కంపెనీ అప్పుడే చెప్పేసింది.

అసలు మంట పుట్టించిన విషయం వేరే ఉంది. ఈ లోపం ముందే తెలిసింది! విడుదలకు ముందు విండోస్‌ను పరీక్షించే ఔత్సాహికులను ఇన్‌సైడర్లంటారు. వాళ్లలో కొందరు, అప్‌డేట్ చేశాక ఫైళ్లు పోయాయని నెలల ముందే ఫీడ్‌బ్యాక్ హబ్‌లో రాశారు. అక్కడ ఫిర్యాదుల బరువు తేల్చేది ఎంతమంది ‘మాదీ ఇదే’ అని ఓటు వేశారన్నదాన్ని బట్టి. అరుదైన లోపానికి ఓట్లెలా వస్తాయి? ఐకాన్ రంగు నచ్చలేదన్న ఫిర్యాదుకు వందల ఓట్లు పడవచ్చు. ఫైళ్లన్నీ పోయాయన్నవాడికి ఒకటో రెండో. ఆ రాతలు అడుగున పడిపోయాయి. దానికి తోడు, విడుదలకు ముందు చివరి వడపోతగా ఉండే ‘రిలీజ్ ప్రివ్యూ’ దశను ఈసారి దాటేసి నేరుగా జనంలోకి వదిలారు.

వెనక్కి వెళ్తే ఇంకో ముడి కనపడుతుంది. 2014 ఫిబ్రవరిలో మన హైదరాబాదీ సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ పగ్గాలు చేపట్టారు. ఆ జులైలో 18,000 మంది వరకు ఉద్యోగులను తగ్గిస్తున్నట్టు కంపెనీ ప్రకటించింది. ఎక్కువమంది నోకియా నుంచి వచ్చినవాళ్లే అయినా, విండోస్‌ను పరీక్షించే టెస్టర్లూ అందులో ఉన్నారు. కోడ్ రాసినవాళ్లే పరీక్షించుకోవడం, మిగతాది ఇన్‌సైడర్లకు వదిలేయడం అప్పటినుంచి ఊపందుకుంది. మనవాడని వెనకేసుకురావాల్సిన పనిలేదు. ఓట్లకు దొరకని లోపాన్ని పట్టడానికి, నో నొక్కితే ఏమవుతుందని అడిగే ఒక్క టెస్టర్ చాలు. ఆ కుర్చీలు తగ్గించుకున్నందుకు బిల్లు వచ్చింది వినియోగదారుడికి.

దిద్దుబాటు జరగలేదని కాదు. ఇన్‌సైడర్లు ఫిర్యాదు రాసేటప్పుడే అది ఎంత తీవ్రమైందో చెప్పే వీలు కల్పించారు. సరిచేసిన అప్‌డేట్ నవంబర్ 13న మళ్లీ వచ్చింది. ఈసారి చాలా నెమ్మదిగా వదిలారు. అందరికీ సిద్ధమని ప్రకటించేసరికి 2019 మార్చి నెలాఖరు.

* * *

ఆ అప్‌డేట్‌లోనే ఇంకో చిన్న ఉచ్చు ఉండేది. పెద్దగా ఎవరూ మాట్లాడుకోలేదు. డిస్క్ క్లీనప్ జాబితాలో కొత్తగా ‘డౌన్‌లోడ్స్’ చేర్చారు. టిక్ పెట్టి ఇవ్వలేదు, నిజమే. కానీ ఏళ్ల తరబడి ఆ జాబితా తెరిచి అన్నిటికీ టిక్ కొట్టడం అలవాటైన చేతులున్నాయి. అందులో ఉన్నదంతా విండోస్ చెత్తే అన్నది వాళ్ల నమ్మకం. డౌన్‌లోడ్స్‌లో ఉండేది మన హాల్‌టికెట్లు, ఆధార్ పీడీఎఫ్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు. చెత్తబుట్టల వరసలో బీరువాను పెట్టడమేమిటో! తర్వాతి వెర్షన్లలో దాన్ని తీసేశారు.

చోటు చాలక అప్‌డేట్లు ఆగిపోవడం కూడా మైక్రోసాఫ్ట్‌ను వేధించింది. 2019 జనవరిలో ‘రిజర్వ్డ్ స్టోరేజ్’ ప్రకటించారు. కొత్త కంప్యూటర్లలో దాదాపు 7 జీబీని విండోస్ ముందే తన పేరున రాసిపెట్టుకుంటుంది, అప్‌డేట్ సమయంలో మనల్ని అడక్కుండా వాడుకుంటుంది. ఆ ఏడాదే విండోస్ 10కి కనీసం ఉండాల్సిన డిస్కు 32 జీబీకి పెరిగింది. విండోస్ 11కి అది 64 జీబీ.

ఇదంతా ఇప్పుడెందుకంటే, విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మన ఊళ్లలో నెట్ సెంటర్లు, ఫొటో స్టూడియోలు, ట్యూషన్ మాస్టార్లు, ఇంట్లో పిల్లల చదువుకు కొన్న ల్యాప్‌టాప్‌లు... ఎన్నో 11కి మారుతున్నాయి, లేదా మారాలా వద్దా అని చూస్తున్నాయి. సి డ్రైవ్ ఎర్రగీత చూసి ముందు ఏదో ఒకటి ఖాళీ చేద్దామని కూర్చునే రాత్రులు ఇవి. 2018 నాటి ఆ లోపం ఇప్పుడు లేదు. కానీ ఒకే పేరుతో రెండు ఫోల్డర్లుండే పరిస్థితి అలాగే ఉంది. వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్ అయితే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోకి మారిపోతాయి. మీ కంప్యూటర్‌లో అది ఆన్ చేసింది మీరో, మీ అబ్బాయో, షాపులో కుర్రాడో మీకు గుర్తుండకపోవచ్చు.

అందుకే అప్‌గ్రేడ్ నొక్కే ముందు పక్కపట్టీని నమ్మకండి. సి డ్రైవ్ తెరిచి, యూజర్స్‌లోకి వెళ్లి, మీ పేరున్న ఫోల్డర్‌లో ఏమేం ఉన్నాయో కళ్లారా చూడండి. డి లో మరో డాక్యుమెంట్స్ ఉంటే దాన్నీ చూడండి. కావాల్సినవి ఓ ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేయండి. డి కి తరలిస్తే బ్యాకప్ అయిపోయినట్టు కాదు, అప్పటికీ మీ దగ్గరున్నది ఒక్క ప్రతే. కాపీ అయ్యాక నాలుగు ఫైళ్లు తెరిచి చూసి, ఆ డిస్కు వైరు పీకి అల్మారాలో పెట్టండి. ఖాళీ చేసే పని ఆ తర్వాతే. ముందు పెద్ద వీడియోలు, వాట్సాప్ నుంచి దిగినవి, వాడని గేములు తీయండి. రీసైకిల్ బిన్‌ను అప్‌గ్రేడ్ అయ్యాక ఓ వారానికి ఖాళీ చేసినా కొంప మునగదు. ఏదైనా పోయిందని తెలిస్తే మాత్రం అక్కడికక్కడే కంప్యూటర్ ఆపేసి, తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. మీరే ఏదో ఒకటి ఇన్‌స్టాల్ చేసి వెతకడం మొదలుపెట్టకండి.